కాగితంలో లేని పిల్ల

పొద్దున తొమ్మిదిన్నరకల్లా కోర్టు వరండా ఊడవడం అయిపోతుంది. పదింటికి గుమస్తాలు స్కూటర్ల వెనక కట్టుకొచ్చిన ఫైళ్ల కట్టలు విప్పుకుంటారు. వకీళ్లు నల్లకోట్లు దులిపి తొడుక్కుంటారు. బంట్రోతు మాత్రం ఎవరితోనూ మాట్లాడడు. పెరటి కుళాయి దగ్గర నిలబడి గ్లాసుడు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి, మెడకు మఫ్లరు చుట్టుకుని, పదిన్నర దాకా నోటికి తాళం వేసుకుని కూర్చుంటాడు. గొంతుతో పని ఉంది మరి.

చెప్పుకోవడానికి అదేమంత పెద్ద పని కాదు. బెంచి గుమస్తా చీటీ అందిస్తే, గుమ్మంలో నిలబడి, కేసులో ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ మూడేసిసార్లు పిలవాలి. కాకపోతే ఆయన పిలిస్తే ఆ పేరుగలవాళ్లకు ఎక్కడున్నా వినపడుతుంది. పక్క ఊళ్లో ఉన్నా సరే, నడిసముద్రంలో ఓడ మీదున్నా సరే. ఏ ఊరి కోర్టు పిలుస్తోందో కూడా ఆ పిలుపులోనే తెలిసిపోతుంది. మంగలి కుర్చీలో సగం గడ్డం గీయించుకున్నవాడు మిగతా సగంతోనే లేచి కోర్టుకు పరిగెత్తిన రోజులున్నాయి. "కేసు పిలిచినట్టున్నారు" అని మంగలి కత్తి తుడుచుకుని ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకున్నాడు, అంతే. పేరు చేరితే బంట్రోతుకు తెలిసిపోతుంది. గొంతులో చిన్నగా లాగినట్టవుతుంది. అప్పుడు లోపలికి తిరిగి "చేరింది సార్" అంటాడు.

మరింకేం, కేసులన్నీ చకచకా తేలిపోవాలి కదా అంటారేమో. అక్కడే వచ్చింది చిక్కు. వినపడటం వేరు, రావడం వేరు. రాదల్చుకోనివాడు విని ఊరుకుంటాడు. పైగా చట్టం దృష్టిలో బంట్రోతు గొంతు లెక్కలోకి రాదట. నోటీసు పోస్టులో వెళ్లాలి, అవతలివాడు సంతకం పెట్టాలి, ఆ చీటీ తిరిగి రావాలి. ఎక్కడున్నాడో తెలియనివాడికి నోటీసు ఎలా అందుతుందయ్యా అని అడిగామనుకోండి, దానికి ఇంకో పిటిషన్ వేసుకోమంటారు.

కుట్టుపనామె ఈ వరండాలో ఆరేళ్లుగా తిరుగుతోంది. బజారు చివర ఒంటి గదిలో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆరేళ్ల కిందట ఓ మధ్యాహ్నం ఆమె కాలర్లు కుట్టే తొందరలో ఉండగా, మొగుడు నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని, ఐస్‌క్రీం కొనిపెట్టి తీసుకొస్తానని వెళ్లాడు. ఇంతవరకూ తీసుకురాలేదు. కన్నతండ్రి తీసుకెళ్తే ఎత్తుకుపోవడం ఎలా అవుతుందమ్మా, కోర్టుకెళ్లు అన్నారు పోలీసులు. కోర్టుకొస్తే వకీలు కావాలన్నారు. ఉన్న రెండు మిషన్లలో ఒకటి అమ్మి వకీలును పెట్టుకుంది. ఆయన చెడ్డవాడేం కాదు. పిటిషన్ వేశాడు, రెండు వాయిదాలకు వచ్చాడు. రెండో మిషను కూడా అమ్మడం ఆమెకు కుదరకపోయేసరికి ఫోను ఎత్తడం మానేశాడు.

అప్పట్నుంచీ ఒక్కతే వస్తోంది. వాయిదా రోజున బంట్రోతు ఆమె మొగుణ్ణి మూడుసార్లు పిలిచి "చేరింది సార్" అంటాడు. "వచ్చాడా?" అంటారు జడ్జిగారు. రాడు. ఇంకో తేదీ పడుతుంది. ఆమె ఆ తేదీని అరచేతిలో రాసుకుని ఇంటిదారి పడుతుంది. దారిలో కనిపించిన ఆడపిల్లలందర్నీ కంటితోనే కొలుస్తుంది. మా పిల్లకి ఇప్పుడు ఏడేళ్లు, భుజం ఇంతుంటుంది. ఇప్పుడు ఎనిమిది. ఇప్పుడు తొమ్మిది. ఎంత బెంగ పెట్టుకుందంటే, ఎవరూ అడక్కపోయినా కుట్టిన ప్రతి గౌనుకీ అంచు మడత నాలుగు వేళ్లు ఎక్కువే వదిలేది, పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చని. తల్లులందరికీ అది తెగ నచ్చేసింది. ఎందుకు వదులుతున్నావమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మొన్నటి వాయిదాకి వెళ్లేసరికి కోర్టు గుమ్మం పక్కన నల్లటి నంబర్ల బోర్డు బిగించి ఉంది. నెలన్నరలో కోర్టుకు సెలవులు, సెలవులయ్యాక ఇక పేర్లు పిలవరట. ఎర్రటి అంకెలు వెలుగుతాయి, ఎవరి నంబరు వాళ్లు చూసుకుని లోపలికి వెళ్లడమే. బంట్రోతుకూ అప్పటికి ఉద్యోగం అయిపోతుంది.

ఇన్నేళ్లూ కుట్టుపనామెను నిలబెట్టిన ఆశ ఒక్కటే. మొగుడు రాకపోతే పోనీ, ఆ పిలుపు ఆ ఇంట్లో వినపడుతోంది కదా, పక్కనున్న పిల్ల చెవిన కూడా పడుతుంది కదా, ఎప్పటికైనా ఇదేమిటని అడుగుతుంది కదా అని. భోజనాల వేళ కుళాయి దగ్గర బంట్రోతును పట్టుకుని ఆ సంగతే అడిగింది.

ఆయన మఫ్లరు సర్దుకున్నాడు.

"లేదమ్మా. నేను పిలిచింది నీ మొగుణ్ణి. వాడికే వినపడుతుంది. పక్కన ఎవరున్నా తెలియదు."

"అయితే నా కూతుర్ని పిలవవా బాబాయ్? ఒక్కసారి."

"కాగితంలో లేని పేరు పిలిచినా ఈ వరండా దాటదమ్మా. మా ఇంట్లో మా వాణ్ణి అన్నానికి పిలవాలన్నా వీధిలోకెళ్లి అరవాల్సిందే నేను."

ఆమె కుళాయి గట్టు మీద కూలబడిపోయింది. ఆరేళ్లు. ఎన్నో వాయిదాలు. ఒక్క పిలుపూ పిల్లదాకా వెళ్లలేదు. అమ్మ నన్ను వదిలేసింది అనుకుని ఉంటుంది, ఎందుకనుకోదు?

బంట్రోతు ఆమెను లేవదీసి, వరండా చివర రికార్డు గది పక్కనున్న తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ తలుపు పక్కన గోడకి ఉచిత న్యాయ సహాయ కేంద్రం అని బోర్డుంది. ఉందన్నమాటే గానీ, ముందు విరిగిన కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చేసి ఉండటంతో ఉచిత అన్న ముక్క వరకే కనపడుతుంది. అది మంచినీళ్ల గది అనుకుంటోంది ఆమె ఇన్నాళ్లూ.

లోపల యాభై దాటిన వకీలమ్మ ఒక్కతే కూర్చుని పాత పేపరులో గళ్ల నుడికట్టు పూరించుకుంటోంది. మనిషి అలికిడి వినగానే లేచి నిలబడిపోయింది పాపం. ఫీజు ఇచ్చుకోలేనండీ అని కుట్టుపనామె గుమ్మంలోనే చెప్పేసింది.

"ఇక్కడ ఫీజు లేదు. లేనివాళ్లకి వకీలును పెట్టాల్సిన బాధ్యత సర్కారుదేనమ్మా. ఈ ముక్క చెప్పడానికే పదకొండేళ్లుగా ఇక్కడ కూర్చున్నాను. ఆ కుర్చీలు తీయించమని ఏడాదికో అర్జీ పెడుతున్నాను. కూర్చో."

ఫైలు తెప్పించి అక్కడికక్కడే చదివింది. పాత వకీలు దగ్గర అచ్చు వేయించిన నమూనా ఒకటుండేది. పిల్లల కోసం కోర్టుకొచ్చే మొగుడూ పెళ్లాలందరికీ అదే. ఖాళీల్లో పెద్దవాళ్ల పేర్లు నింపితే పిటిషన్ తయారు. పిల్లకి అందులో ఖాళీయే లేదు. సదరు మైనరు అని అచ్చులోనే వేసేశారు. వకీలమ్మ పెన్సిలుతో ఒక్కోదాని కిందా గీత గీసుకుంటూ వెళ్లింది. పదిహేడు చోట్ల సదరు మైనరు. పిల్ల పేరు ఒక్కచోట లేదు.

"ఏ మనిషి కోసం ఈ కేసు వేశారో ఆ మనిషే ఇందులో లేదు," అంది. కోపంతో ఆమె ముక్కు ఎర్రబడింది.

వారం తిరక్కుండా పిల్లను రెండో ప్రతివాదిగా చేర్చమని అర్జీ వేసింది. తల్లి కన్నకూతురి మీద కేసు వేస్తుందా అని జడ్జిగారు కళ్లద్దాల పైనుంచి చూశారు. మీద వేయడానికి కాదండీ, పిలవడానికి అంది వకీలమ్మ. జడ్జిగారు గుమ్మంలో ఉన్న బంట్రోతు వంక కాసేపు చూసి, సంతకం పెట్టారు.

ఆ తర్వాతి వాయిదాకి కుట్టుపనామె తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. బంట్రోతు ముందు మొగుణ్ణి పిలిచాడు. చేరింది. ఆనక జనన పత్రంలో ఉన్న పేరుతో పిల్లను పిలిచాడు. మొదటిసారి, రెండోసారి, మూడోసారి. గొంతు తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు.

"చేరలేదు సార్," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

ఆయన పిలుపు చేరనిది చచ్చిపోయినవాళ్లకే. అది అక్కడున్న అందరికీ తెలుసు, టీ గ్లాసులు కడిగేవాడితో సహా. కుట్టుపనామె గోడ పట్టుకుని నిలబడింది. ఏడుపు కూడా రాలేదు. వకీలమ్మ ఆమెను నడిపించుకుంటూ గదిలోకి తీసుకుపోయి, మంచినీళ్లు తాగించి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇటు చూడు. పిల్లను ఇంట్లో ఏమని పిలిచేదానివి?"

"గుండీ."

మిషను కింద కూర్చుని రాలిపడిన గుండీలన్నీ ఏరి గుప్పిట్లో పెట్టుకునేదట. మొహం కూడా అలాగే గుండ్రంగా, కళ్లు రెండు చిల్లుల్లా ఉండేవట. కాగితంలో పేరుతో ఎప్పుడైనా పిలిచావా అంటే, బడిలో వేసేటప్పుడు అలవాటు చేద్దామనుకున్నామండీ అంది.

"ఇంకేం మరి. ఆ పేరు తనదని దానికి తెలిస్తే కదా చేరడానికి? వాడు బడిలో ఇంకేదో పేరు పెట్టి వేసుంటాడు. లే, ఏడిస్తే తర్వాత ఏడుద్దువుగాని. సెలవులకి ముందు ఇంకొక్క వాయిదా ఉంది."

కుట్టుపనామె అప్పుడు ఏడ్చింది. పిల్ల బతికే ఉండొచ్చు అన్న మాట ఆమెను అంత ఏడిపించింది.

మళ్లీ అర్జీ. రెండో ప్రతివాది పేరు పక్కన అలియాస్ గుండీ అని చేర్చాలని. బెంచి గుమస్తా చదువుతూ చదువుతూ నవ్వాపుకోలేకపోయాడు. గుండీ అనేది ఒక పేరా అన్నారు జడ్జిగారు. "నాలుగేళ్లపాటు ఆ పిల్లకి ఉన్న పేరు అదొక్కటే సార్" అంది వకీలమ్మ. గుమస్తా నవ్వు ఆపేశాడు.

సెలవులకి ముందు ఆఖరి రోజు, బంట్రోతుకు ఉద్యోగంలో ఆఖరి రోజు కూడా. ఎవరో దండ తెచ్చి పెట్టారు, ఇంకా మెడలో వేయలేదు. పదకొండు దాటాక చీటీ చేతికొచ్చింది. ఆయన మఫ్లరు విప్పి జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. హత్యకేసుల్లో పెద్దపెద్దవాళ్లను పిలిచిన గొంతుతో, అంతే గంభీరంగా పిలిచాడు.

"గుండీ."

ఎవరూ నవ్వలేదు.

"గుండీ."

కుట్టుపనామె కళ్లు ఆయన గొంతు మీదే ఉన్నాయి.

మూడోసారి పిలిచి బంట్రోతు చటుక్కున గొంతు పట్టుకుని తలుపుకు ఆనుకున్నాడు. ఇంత గట్టిగా ఎప్పుడూ లాగలేదని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. అప్పుడు మాత్రం "చేరింది" అన్నాడు. సార్ అనడం మర్చిపోయాడు.

కేసు సెలవుల తర్వాతకి పడింది. నా గది సెలవుల్లోనూ తీసే ఉంటుంది, వచ్చి కూర్చో అంది వకీలమ్మ. కుట్టుపనామె మర్నాడు పొద్దున్నే మిషను రిక్షాలో వేసుకొచ్చి ఆ గదిలోనే కుట్టుకుంటూ కూర్చుంది. ఉద్యోగం అయిపోయిన బంట్రోతు కూడా ఇంట్లో కాలు నిలవక వచ్చేశాడు. వస్తూనే బోర్డు ముందున్న కుర్చీలన్నీ ఒక్కొక్కటే మోసుకెళ్లి పెరట్లో పడేశాడు. పిల్లకి ఇప్పుడు చదవడం వచ్చుంటుంది కదా అన్నాడు. ఆ రోజు పిల్ల రాలేదు గానీ, బోర్డు చదువుకుని ఇంకో ముగ్గురు వచ్చారు. వకీలమ్మకి ఆ రోజు పేపరు తీసే తీరిక దొరకలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఒక పదేళ్ల పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బడి యూనిఫారం మాసిపోయి ఉంది, ఒక చెప్పు తెగితే చేత్తో పట్టుకుంది. లెక్కల క్లాసులో కూర్చుని ఉంటే పిలుపు వినపడిందట. మాస్టారు బోర్డు మీద రాస్తూనే ఉన్నాడట, ఆ పిల్లకి మాత్రం ఒళ్లు ఝల్లుమందట. మర్నాడు బడికని బయల్దేరి బస్సెక్కేసింది. కోర్టులో పిలిచారంటే కండక్టర్లు టికెట్ అడగలేదు. రాత్రికి ఒక కండక్టరమ్మ తన ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టి, పొద్దున్నే ఇంకో బస్సెక్కించింది.

సెలవులయ్యాక జడ్జిగారు రెండో ప్రతివాది హాజరు చూసుకుని, పిల్ల చెప్పిందంతా విని, తల్లి దగ్గరే ఉండమని తీర్పు రాశారు. తండ్రి కూడా పిల్ల వెనకాలే రాక తప్పలేదు, ఆదివారాలు వచ్చి చూసి వెళ్తున్నాడు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ మధ్యాహ్నం మాత్రం తల్లీ కూతుళ్లు ఆ గదిలో ఒకరినొకరు చూస్తూ ఉండిపోయారు. కుట్టుపనామె మిషను మీద నుంచి లేచింది గానీ అడుగు పడలేదు. తను కంటితో కొలుచుకున్న పిల్లకన్నా ఈ పిల్ల పొడుగు. మొహం గుండ్రం పోయి కోలగా సాగింది. వకీలమ్మ ఏదో పని ఉన్నట్టు కిటికీ వైపు తిరిగింది.

"నాన్న ఒక్కోరోజు రేడియో పెద్దగా పెట్టేసేవాడు," అంది పిల్ల. "ఎందుకో తెలిసేది కాదు."

తల్లి తలూపింది.

"మరి నన్నెందుకు పిలవలేదు ఇన్నాళ్లూ?"

పిల్ల గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. దాంతో ఆ తల్లికి మరీ కష్టమైపోయింది. కాగితంలో నీకు ఖాళీ లేదమ్మా అని ఏమని చెబుతుంది?

"రోజూ పిలిచాను," అంది. "నేను పిలిస్తే వీధి చివరిదాకా కూడా వినపడేది కాదు."

పిల్ల తెగిన చెప్పు కింద పెట్టింది.

"ఏదీ, ఇప్పుడు పిలువు."

తల్లి నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. పెదాలైనా సరిగ్గా కదల్లేదు.

"ఊఁ," అంది పిల్ల.