ఆగిపోతున్న కంప్యూటర్

జర్మనీలో వాల్డార్ఫ్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ల ఇంట్లో కంప్యూటర్ మొరాయించినా ఫోను సుధీంద్రకే వస్తుంది. ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లోనే అయినా, స్క్రూడ్రైవర్ పట్టుకుని డబ్బా విప్పడమంటే ఆయనకు పెళ్లిభోజనమంత ఇష్టం. అలాంటి మనిషి ఇంట్లోనే భార్య ప్రతిమ కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోంది. తెర నీలంగా మారుతుంది, ఆరిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఎంత తల బద్దలుకొట్టుకున్నా కారణం అంతుపట్టడం లేదు.

ప్రతిమ కార్ల్స్‌రూహెలో పీహెచ్‌డీ చేస్తోంది. కూతురు హారిక బడికి వెళ్లడం మొదలయ్యాక, నలభైకి దగ్గరపడుతూ మళ్లీ చదువు పట్టింది. రైన్ నది మైదానంలో ఒక పాత కర్మాగారం నుంచి నేలలోకి ఇంకిన విషం, భూగర్భజలంతో పాటు ఎటు పోతుందో లెక్కగట్టడం ఆమె పని. ఇన్‌స్టిట్యూట్‌లోని పెద్ద కంప్యూటర్ దగ్గర తన వంతు ఎప్పటికీ రాదు కాబట్టి, మొదటినుంచీ లెక్కలన్నీ ఇంట్లోనే. నదివైపు పోతుందని అందరూ అనుకున్న విషం ఒకచోట వంపు తిరిగి ఊరి బావులవైపు పోతోందని ఆమె కనిపెట్టింది. తెరమీద ఆ వంపు కనబడినరోజు సంతోషం పట్టలేక ఏడ్చేసింది. థీసిస్ అంతా ఆ వంపు మీదే నిలబడింది. ఆఖరి లెక్క ఒక్కటి పూర్తయితే సమర్పించడమే. అది సగంలో ఉండగానే కంప్యూటర్ ఆగిపోతోంది.

సుధీంద్ర ముందు వేడిని అనుమానించాడు. ఫ్యాన్లు విప్పి దుమ్ము దులిపాడు. ఆదివారంనాడు వాక్యూమ్ క్లీనర్ పెడితే, ఈ దేశంలో ఆదివారం చప్పుడు చేయకూడదని కింది వాటా ముసలావిడ వచ్చి తలుపు బాదుతుంది కాబట్టి పెయింటు బ్రష్షుతోనే దులిపాడు. ప్రాసెసర్ మీద కొత్త పేస్టు పూశాడు. వేడి తగ్గింది గానీ ఆగడం తగ్గలేదు. పవర్ సప్లై కొత్తది తెప్పించి బిగించాడు. హార్డ్ డిస్కును పరీక్షించాడు, అది నిక్షేపంగా ఉంది. విండోస్‌ను తిట్టాడు, గోడలో ప్లగ్గును తిట్టాడు. మెమరీ ముక్క ర్యామ్ జోలికి మాత్రం పోలేదు. అది స్వయంగా తను బిగించింది మరి. తన చేత్తో పెట్టింది చెడిపోవడమా!

"పాపా, కపుట్!" అని హారిక నాన్నకు జర్మన్‌లో తేల్చిచెప్పింది, అది పాడైపోయిందని.

"నువ్వెళ్లి ఆడుకో అమ్మా," అని కసిరాడు.

"ఏవండీ, నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతోంది. ప్రొఫెసర్ థీసిస్ ఇవ్వాల్సిన తేదీకి టెర్మిన్ కూడా ఇచ్చేశాడు," అంది ప్రతిమ నీరసంగా. "ఎక్కడైనా రిపేర్ షాపులో చూపిద్దామా?"

"వాడికి నాకంటే ఏం తెలుసంట?"

చివరికి ఏమీ తోచక మెమరీ పరీక్ష కూడా పెట్టాడు. తెరమీద ఒకదాని కింద ఒకటి ఎర్రగీతలు! రెండు ర్యామ్‌లలో ఒకదాన్ని పీకి మళ్లీ పరీక్షించాడు. ఒక్క ఎర్రగీతా లేదు. పీకినదాన్ని ఒక్కదాన్నే పెట్టి చూశాడు. మళ్లీ అంతా ఎరుపు.

"ప్రతిమా, దొరికింది దొంగ!" అని కేకేశాడు. "ఇదిగో, ఇదే. ఇక నీ థీసిస్‌కి అడ్డే లేదు."

ప్రతిమ వచ్చి ఆ పచ్చముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది సృజన్ వాళ్లది కదూ?"

అవును. సృజన్ హైదరాబాదుకు తిరిగి వెళ్లిపోతూ, ఇక్కడ వెళ్లిపోయేవాళ్లంతా చేసినట్టే సామాను పంచిపెట్టాడు. కుక్కర్ ఒకరికి, చలికోట్లు ఇంకొకరికి, కంప్యూటర్ సుధీంద్రకి. "అన్నా, ఇది ఊకె బంద్ పడ్తది, జర సూస్కో," అని చెప్పే ఇచ్చాడు. నీకు వాడటం చేతకాక, అని సుధీంద్ర నవ్వాడు. అందులోని ర్యామ్ తీసి భార్య కంప్యూటర్‌లో బిగించాడు. ఆమె లెక్కలు చకచకా సాగాలని, ప్రేమతోనే.

"మెమరీ చెడిపోతే కంప్యూటర్ ఆగిపోవడం ఒక్కటేనా? ఇంకేమీ కాదా?" అడిగింది ప్రతిమ.

జవాబు సుధీంద్రకు తెలుసు. చెడిన మెమరీ ప్రతిసారీ కంప్యూటర్‌ను ఆపదు. చాలాసార్లు చడీచప్పుడు లేకుండా ఒక అంకెను మార్చేసి ఊరుకుంటుంది. ఆగిపోతే నయం, కనీసం తెలుస్తుంది.

"నా మొదటి లెక్క మళ్లీ పెట్టండి," అంది.

అది చిన్న లెక్క, అన్నం ఉడికేలోపు అయిపోయింది. విషం బుద్ధిగా నదివైపే పోయింది. వంపు లేదు. ఇంకోసారి పెట్టారు. లేదు. పాత ఫైలు తెరిచి చూస్తే, సరిగ్గా ఆ చోట నేలపొరకు ఉండాల్సిన అంకె ఒకటి, ఉన్నది ఇంకొకటి.

"ఇది బిగించిందెప్పుడు?"

"సృజన్ వాళ్లు వెళ్లిన వారమే."

"అప్పటికి నేనింకా ఏ లెక్కా మొదలుపెట్టలేదు. అంటే అన్నీ తప్పేనండీ."

"ఎవరికి తెలుస్తుంది ప్రతిమా? ఇచ్చెయ్ థీసిస్," అన్నాడు సుధీంద్ర. ఆ మాట అన్నాక తనమీద తనకే అసహ్యం వేసింది.

"నా వంపు చూసి అధికారులు ఆ ఊళ్లో బావులు మూయించారు," అంది ప్రతిమ.

ఆమె కూర్చుని ప్రొఫెసర్‌కు మెయిల్ రాసింది. సుధీంద్ర వెనక నిలబడి చదివాడు. మెమరీలో లోపం వల్ల నా ఫలితాలన్నీ తప్పు, థీసిస్ సమర్పించడం లేదు. అంతే. ఆ మెమరీ ఎవరు తెచ్చారో, ఎవరు బిగించారో ఒక్క ముక్క లేదు.

"నేనే పెట్టానని రాయి. నా పేరు రాయి," అన్నాడు ఆయన.

"రాస్తే మటుకు ఏమొస్తుందండీ?"

పంపేసింది. నాలుగు తిట్లు తిట్టినా, చేతిలోది విసిరికొట్టినా భరించేవాడు. ఆమె కళ్లయినా తుడుచుకోలేదు.

"ఇప్పుడది బాగానే నడుస్తోందా?"

"బాగానే నడుస్తోంది."

"అయితే కట్టేయండి. నాకిక దానితో పనిలేదు."

ఆమె లేచి హారికకు అన్నం పెట్టడానికి వెళ్లింది. సుధీంద్ర ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. కట్టేయడానికి చెయ్యి రాలేదు. కంప్యూటర్ ఎక్కడా తడబడకుండా నడుస్తూనే ఉంది.