రాచ్చిప్పలో సూపు

నేను ఒక రాచ్చిప్పను. ప్రస్తుతం పెరటి గోడవార రెండు చెక్కలుగా పడి ఉన్నాను కాబట్టి ఉన్నాను అనాలో, ఉన్నాం అనాలో తేల్చుకోలేకపోతున్నాను.

బలపపు రాయికి పుట్టాను. నా తోబుట్టువులు కొందరు బలపాలై బడికెళ్ళి, పిల్లల చేత అక్షరాలు దిద్దించి అరిగిపోయారు. నన్ను తొలిచినవాడు నా లోపలి గుంటను వేలితో తడిమి తడిమి చూసుకునేవాడు. ఖాళీని అంత శ్రద్ధగా తయారుచేసిన మనిషి మళ్ళీ నాకు తారసపడలేదు. తిరునాళ్ళలో కొన్న ముసలామె పసుపూ నూనే పట్టించి, పది రోజులు గంజి పోసి నన్ను వంటకు అలవాటు చేసింది. ఆమె తర్వాత కోడలు సోమిదేవమ్మ చేతికొచ్చాను. భర్త పోయాక ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, రాజమండ్రిలో తమ్ముడింటికి చేరింది.

తమ్ముడు చయనులు కోర్టులో నకళ్ళు రాసి రిటైరైనవాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఎవరెవరి మాటలో పొల్లుపోకుండా ఎత్తి రాశాడు. సొంతంగా ఒక్క ఉత్తరం రాయాల్సొస్తే మాత్రం అరచేతులు చెమర్చేవి. పెళ్ళి సంగతీ అలాగే వాయిదాల మీద పోయింది.

ఆ వానాకాలం అక్కకు జ్వరం వచ్చి తగ్గింది గాని, ఆకలి తిరిగి రాలేదు. నాలుగు రోజులుగా ఏదీ ముట్టదు. సాయంత్రంలోగా కాస్త సూపైనా కడుపులో పడకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఆమె భర్త ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. అందుకే ఆమె అక్కడికి రానంటుంది, ఇక్కడ తిననంటుంది. చయనులు గదికీ వంటింటికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“సూపెలా చేస్తారు అక్కయ్యా?”

“నాకేం తెలుసురా. చారుకి చొక్కా తొడిగితే సూపవుతుంది కాబోలు,” అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

డాక్టరు వెళ్ళాక కురిసిన వానకి వీధిలో మోకాలిలోతు నీళ్ళు. బజారుకు దారి లేదు. ఇంట్లో దొరికినవి గట్టు మీద పరిచాడు: గుప్పెడు పెసరపప్పు, సగం బీరకాయ, మెత్తబడిన టమాటా, అల్లం ముక్క, నాలుగు మిరియాలు. ఏది ముందో, ఏది వెనకో చెప్పేవాళ్ళు లేరు. చూసి రాసుకోవడానికి అసలు ప్రతి లేదు. నన్ను పొయ్యెక్కించి నీళ్ళు పోశాడు. పప్పు వేశాడు, తీసేద్దామనుకున్నాడు, తీయలేక బీరకాయ ముక్కలూ వేశాడు. తొక్క తీయలేదని తర్వాత గుర్తొచ్చింది. మనుషులకు తప్పు చేయడమంటే అంత భయం ఉండదు, ఆ తప్పు పూర్తిగా తమదే అవుతుందంటేనే భయం. నా అంచు దాకా వచ్చి వెనక్కి పోతున్న అతని వేళ్ళు నాకు అదే చెప్పాయి.

ఎలాగో మెదిపాడు. మిరియాలు దంచి వేశాడు. వాసన బాగానే లేచింది. పొయ్యి ఆపాడు.

నేను ఆగలేదు. మాది రాతి ఒళ్ళు, మంట తీసేసినా కాసేపు కుతకుతలాడుతూనే ఉంటాం. వంటచేసే వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇది, అతనికి తెలియదు. పొయ్యి మర తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, వంగి చూశాడు. మంట లేదు, ఉడుకు ఉంది.

“ఆపినా ఉడుకుతోందే అక్కయ్యా.”

గదిలోంచి ఆమె ఏదో అంటోంది. అది వినేలోగా చెంబుడు చన్నీళ్ళు నాలో గుమ్మరించాడు.

నా గొంతు నేను విన్నది ఆ ఒక్కసారే. అంచు నుంచి అడుగుదాకా బీట. సూపు పొయ్యి మీదికి కారిపోతుంటే గరిటెతో అందినంత గ్లాసులోకి తోడాడు. నన్ను దించబోతే రెండు చెక్కలయ్యాను. గ్లాసు పట్టుకుని గదివైపు అడుగు వేయలేక నిలబడిపోయాడు.

గుమ్మంలో అలికిడైంది. నాలుగు రోజులుగా లేవని మనిషి గోడ పట్టుకుని వచ్చింది. పొయ్యినీ, నన్నూ చూసింది.

“చన్నీళ్ళు పొయ్యకురా అంటూనే ఉన్నాను,” అంది. పీట మీద కూలబడి చెయ్యి చాచింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. “ఉప్పేదిరా?”

ఉప్పు తెచ్చాడు. ఆమె కలుపుకుని మెల్లగా తాగింది, పంటికి తగిలిన పీచును వేలితో తీసి పక్కన పెట్టి, మళ్ళీ తాగింది. అత్తగారి నాటి చిప్ప కదా, అతికేవాళ్ళు ఎక్కడైనా ఉంటారేమో కనుక్కుంటానని అతను గొణిగాడు.

“రాయి అతకదురా. రేపు సత్తు గిన్నెలో పెట్టు. బీరకాయకి తొక్క తియ్యి.”

ఇన్నేళ్ళ చాకిరీకి ఇంత పొట్టి వీడ్కోలా అని నా వేడి ఇంకా చల్లారలేదు. చయనులు మాత్రం ‘రేపు’ దగ్గరే ఆగిపోయాడు. ఆమె చూడకుండా కండువాతో కళ్ళు ఒత్తుకుని, పెసరపప్పు డబ్బా వంచి, అడుగున ఇంకా ఎంతుందో చూస్తున్నాడు.