ఆఖరి బెంచీ దాకా

బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుందనగా మూడో తరగతి టీచరు తన అత్తగారిని బడికి తీసుకెళ్ళింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని, అందులోనూ మోకాళ్ళ నొప్పుల మనిషిని, రెండు వీధులు నడిపించి, ఎనిమిది మెట్లెక్కించి, తన తరగతి గదిలో ఆఖరి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఈ బెంచీలు చీమల కోసం చేయించారా?" అంది అత్తగారు, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కకి తిరిగి కూర్చుంటూ.

"ఎనిమిదేళ్ళ పిల్లల కోసం అత్తయ్యా."

"మా రోజుల్లో నేల మీదే హాయిగా కూర్చునేవాళ్ళం. బెంచీ విరిగిందన్న గొడవే లేదు."

కోడలు నవ్వింది. నవ్వు గాలిలా వచ్చింది తప్ప శబ్దం రాలేదు. ఆరు నెలల కిందట ఆమె గొంతులో చిన్న గడ్డ ఉందని ఆపరేషను చేశారు. గడ్డ పోయింది. దాంతోపాటే పాత గొంతూ పోయింది. ఒకప్పుడు ఆమె ఎక్కాలు చెప్పిస్తుంటే పక్క గది పిల్లలు కూడా నేర్చేసుకునేవాళ్ళు. "మీరు సెలవు పెట్టిన రోజు మా వాళ్ళకీ లెక్కలు రావట్లేదండీ," అనేది పక్క గది టీచరు. ఇప్పుడు వంటింట్లోంచి పిలిస్తే ముందు గదిలోకి వినిపిస్తుంది, అదీ టీవీ ఆపితే. ఇంతకన్నా పెంచకూడదని, అరవడం అన్నది ఇక జన్మలో మరిచిపొమ్మని డాక్టరు గట్టిగా చెప్పాడు.

సెలవు అయిపోవచ్చింది. పోయిన వారం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి కూర్చోబెట్టింది.

"నా మాట వినండి. ఆఫీసు గదిలో రిజిస్టర్లు చూసుకోండి, హాయిగా ఉంటుంది. ముప్ఫై ఆరు మంది పిల్లలమ్మా! మీరు చెప్పేది ముందు రెండు వరుసలకే వినపడితే, వెనకవాళ్ళు ఏం పాపం చేశారు?"

కోపంగా అని ఉంటే టీచరు ఏదో ఒకటి బదులు చెప్పేది. కానీ ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. అందుకే అది ముల్లులా దిగింది.

"శనివారం వచ్చి ఆఖరి బెంచీలో కూర్చోండి మేడం," అంది టీచరు. "మీకు వినపడకపోతే నేనే రిజిస్టర్లు తీసుకుంటాను."

అనేసింది కానీ, బయటికొచ్చాక ఆఫీసు గది వైపు ఒకసారి తిరిగి చూసింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమెకి తెలిసిన పని ఒక్కటే. రిజిస్టర్లో పిల్లల పేర్లుంటాయి, పిల్లలుండరు.

అయినా ఉత్సాహానికేం లోటు లేదు. వారం రోజులుగా భోజనాల బల్ల మీద అట్టముక్కలు, జిగురు సీసా, రంగు కాగితాలు పరుచుకుని ఉన్నాయి. లెక్కలు చేయించడానికి ఆమె పాత బొత్తాలు, ఖాళీ అగ్గిపెట్టెలు, సీసా మూతలు పోగుచేసింది. సీసాలు అయిపోయాక డబ్బాల మీద పడింది. బస్సు డిపోలో పనిచేసే భర్త కంచం ఒళ్ళో పెట్టుకుని తింటూ అడిగాడు.

"మనింట్లో మూత ఉన్న డబ్బా ఒక్కటైనా మిగిలిందా?"

"పంచదార డబ్బాది వదిలేశాను."

"అదే పదివేలు."

ఇక అత్తగారిని ఎందుకు తీసుకెళ్ళిందంటే, ఆవిడకి ఎనిమిదేళ్ళుగా చెవులు సరిగ్గా పనిచెయ్యవు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అంటే ఆవిడ ఊరుకోదు. "నాకు బాగానే వినపడుతుంది, మీరే గొణుగుతారు," అంటుంది. చెవిలో పెట్టుకునే మిషను కొంటామంటే ఒక పూట అన్నం మానేసింది. అలాంటి మనిషికే తన మాట వినపడితే, లోకంలో ఏ పిల్లకైనా వినపడుతుందని కోడలి లెక్క. ఆ లెక్క పైకి చెప్పలేదు. "నా పాఠం మీరు విని ఎలా ఉందో చెప్పాలత్తయ్యా," అంది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వచ్చింది.

టీచరు బల్ల ముందు నిలబడి, గొంతు పెంచకుండా అడిగింది.

"నా దగ్గర పదిహేడు బొత్తాలున్నాయి. తొమ్మిది తీసి మీకిచ్చాను. నా దగ్గరెన్ని?"

"ఎనిమిది. నాకెందుకే బొత్తాలు?"

టీచరు తలుపు దగ్గరికెళ్ళి ఇంకొకటి అడిగింది. జవాబొచ్చింది. ఆ మూల నుంచి, ఈ మూల నుంచి అడిగింది. ప్రతిదానికీ జవాబు, జవాబు వెనక ఒక వ్యాఖ్యానం. ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది. గోడకి ఏ పటం ఎక్కడ పెట్టాలో, నల్లబల్ల అంచున పిల్లల పేర్లు ఏ రంగుతో రాయాలో, మొదటి రోజు మొదటి మాట ఏం అనాలో. అత్తగారు మాత్రం ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. మోకాళ్ళ నొప్పనుకుంది కోడలు.

మర్నాడు శుక్రవారం. పూర్తి పాఠం ఒకటి చెప్పి చూసుకుందామని మళ్ళీ ఇద్దరూ వెళ్ళారు. టీచరు సుద్దముక్క తీసుకుని నల్లబల్ల వైపు తిరిగి ఇరవై నాలుగు మూతలు వరసగా గీసింది. గీస్తూనే, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ, అడుగుతూ పోయింది.

"ఇరవై నాలుగు మూతలు. నలుగురు పిల్లలు. సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?"

జవాబు లేదు. ఇంకోసారి అడిగింది. లేదు. వెనక్కి తిరిగి చూస్తే అత్తగారు బుద్ధిగా చేతులు కట్టుకుని, మొహంలో నవ్వుతో తన వీపు వైపే చూస్తోంది.

"ఎన్ని అత్తయ్యా?"

"ఎన్నేమిటి?"

గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది.

"నిన్నే చెబుదామనుకున్నాను," అంది. "నువ్వలా గంతులేస్తూ నడుస్తుంటే నోరు రాలేదు. నాకు నీ మాట వినపడదమ్మాయ్. నిన్న కూడా వినపడలేదు. నీ పెదాలు చూసి చెప్పాను."

"పెదాలు చూసా?"

"ఎనిమిదేళ్ళుగా నీ మొహం చూసే బతుకుతున్నాను. మా వాడి మొహం చూసి లాభం లేదు, ఆ మీసాల కింద ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి."

మామూలు రోజైతే టీచరు పడీ పడీ నవ్వేది. ఇప్పుడు సుద్దముక్క బల్ల మీద పెట్టి, ముందు బెంచీ మీద కూలబడింది. నిన్నటి జవాబులన్నీ ఆవిడ కళ్ళవి, చెవులవి కావు. రేపు హెడ్‌మిస్ట్రెస్ వస్తుంది. తను చేసిన పరీక్ష అంతా ఉత్తదే.

"మీరైనా ముందే చెప్పొద్దా?"

"చెప్పుకునే సంగతా అది? చెవిటి ముసలిదని అనిపించుకోవడానికా?" అంది ఆవిడ. అంత గట్టిగా అన్నాక ఆవిడకే నవ్వొచ్చింది. "ఇప్పుడు చెప్పేశానుగా. ఇక అనుకోండి."

కోడలు లేచి వెళ్ళి ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. ఎనిమిదేళ్ళు మిషను వద్దని పోట్లాడిన మనిషి, ఒక్క పాఠం కోసం ఆ మాట తన నోటితో తనే ఒప్పుకుంది.

అత్తగారు మోచేత్తో పొడిచింది. "ఏడిస్తే గొంతు పాడవుతుందన్నాడుగా డాక్టరు. లే. మీ పిల్లలు నా అంత చెవిటివాళ్ళు కారు. సగం చెవులతో వింటారు, సగం కళ్ళతో. ఆ కళ్ళ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. వెళ్ళి నిలబడు."

టీచరు వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"అక్కడ కాదు. నీ వెనక కిటికీ ఉంది, వెలుగంతా వెనకే. మొహం మసిపట్టిన కుండలా నల్లగా కనపడుతోంది. నిన్న నిన్ను చదవలేక చచ్చాను. ఇటు రా. ఆ పక్క కిటికీకి ఎదురుగా. ఆ, అక్కడ."

"ఇక్కడా?"

"చెయ్యి నోటికి అడ్డం పెట్టకు. నవ్వుతూ మాట్లాడకు, నవ్వాలంటే నవ్వేసి అప్పుడు మాట్లాడు. మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగు, రైలు పోతోందా ఏమన్నా? ఇంక ఆ నల్లబల్లతో కబుర్లు మానెయ్. అది నీకు జవాబు చెప్తుందా? రాసేటప్పుడు రాయి. తిరిగి, అందరూ నీ వంక చూశాక, అప్పుడు నోరు తెరువు."

ఇరవై ఒక్క ఏళ్ళలో ఏ పరిశీలకుడూ ఆమెకి ఇంత సూటిగా తప్పులు చెప్పలేదు. టీచరు తన నోటు పుస్తకం తీసి రాసుకుంది.

సాయంత్రం డ్యూటీ దిగి తల్లిని స్కూటరు మీద తీసుకెళ్ళడానికి వచ్చిన భర్త, తలుపు దగ్గరే ఆగిపోయాడు. గదిలో బెంచీలన్నీ నడిమధ్యకొచ్చి అడ్డదిడ్డంగా ఉన్నాయి. తల్లి కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తోంది, భార్య లాగుతోంది.

"ఏం జరుగుతోందిక్కడ?"

"చొక్కా చేతులు మడిచి రండి," అంది భార్య.

పక్క కిటికీకి ఎదురుగా టీచరు నిలబడే చోటు సుద్దతో గీసి, దాని చుట్టూ పన్నెండు బెంచీలు మూడు వంపు వరుసలుగా సర్దారు. ఆఖరి వరుసకి ఆరు అడుగులు వేస్తే చాలు. పాత దుప్పటి ఒకటి వెనక కిటికీకి కట్టారు. తర్వాత భర్తని ఆఖరి బెంచీలో కళ్ళు మూసుకోమన్నారు, ఈసారి అసలు చెవుల పరీక్ష. ఫ్యాను తిరుగుతుంటే సగం వినపడింది. ఆపితే అంతా వినపడింది. ఆయన బల్లెక్కి ఫ్యానుకి నూనె వేశాడు, కిర్రుకిర్రు పోయి గాలి చప్పుడు మాత్రం మిగిలింది.

"ఇప్పుడు?"

"ఇంచుమించు అంతా."

"కళ్ళు తెరవండి. ఇప్పుడు?"

"అంతా," అన్నాడు. బెంచీలోంచి లేస్తూ, "ఇంట్లో కూడా ఇలా నా మొహంలోకి చూసి మాట్లాడితే నేనూ ఏదో ఒకటి నేర్చుకునేవాణ్ణి," అన్నాడు.

"ముందు ఆ మీసాలు కత్తిరించు," అంది వాళ్ళమ్మ, ఆ మాట ఎలా పట్టుకుందో ఏమో.

శనివారం పదింటికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. ఆవిడ గొంతు ఆవిడకన్నా ముందొచ్చింది. "ఏమిటిది, తరగతా, సర్కస్సా?" అంటూనే ఆఖరి వరుసలో కూర్చుని ఫోను చూసుకుంటూ, "ఊఁ, మొదలెట్టండి," అంది.

టీచరు మొదలెట్టలేదు. నల్లబల్ల మీద లెక్క రాసి, తిరిగి, సుద్దగీత మీద నిలబడి ఊరుకుంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో గానీ ఆమెకి ఒక పీరియడంత అనిపించింది. చివరికి ఏం జరుగుతోందా అని హెడ్‌మిస్ట్రెస్ తలెత్తింది. తలెత్తగానే టీచరు మాట్లాడింది.

మూతలు పంచింది, అగ్గిపెట్టెల్లో సర్దింది, మిగిలినవి ఏం చెయ్యాలని అడిగింది. హెడ్‌మిస్ట్రెస్ ఫోను పక్కన పెట్టింది. రెండు జవాబులు చెప్పింది, మూడోది, ఎనిమిది మూతల్లో ఎన్ని మిగిలాయన్నది, తప్పు చెప్పి నాలిక్కరుచుకుంది. ఉన్నట్టుండి మొహం కిటికీ వైపు తిప్పేసి, "పిల్లలు ఇదిగో ఇలా బయటికి చూస్తూ కూర్చుంటే?" అంది.

టీచరు పిలవలేదు. ఆరు అడుగులు నడిచి ఆవిడ ముందు ఒక ఎర్ర మూత పెట్టింది. హెడ్‌మిస్ట్రెస్ ఇటు తిరిగింది.

"మరి ముప్ఫై ఆరు మందీ ఒక్కసారిగా గోల చేస్తే?" అడిగింది. అడగడం కూడా మెల్లిగా, పక్కమనిషితో మాట్లాడినట్టు అడిగింది. ఆ సంగతి ఆవిడ గమనించలేదు. టీచరు గమనించింది.

"తెలీదు మేడం. సోమవారం తెలుస్తుంది. కొన్ని రోజులు ఓడిపోతానేమో కూడా. కానీ వెనక బెంచీ వాళ్ళకి వినపడలేదన్న మాట మాత్రం రానివ్వను."

హెడ్‌మిస్ట్రెస్ ఎర్ర మూతని వేలితో అటూ ఇటూ తిప్పింది. "మొదటి పరీక్షల దాకా చూద్దాం," అంది. "అప్పుడు కూడా నేనే వచ్చి కూర్చుంటాను. మీ మీద జాలితో చెప్తున్నాననుకోకండి. ఎనిమిదిలో ఎన్ని మిగిలాయో నాకింకా అనుమానంగానే ఉంది."

చేతిసంచీలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. మూడో తరగతి జాబితా. టీచరు నిలబడే చదివింది, పేరు పేరునా పెదాలు కదుపుతూ. ఆఖరి పేరు దగ్గర ఆగింది.

"మేడం, ఇందులో నలభై ఒక్క మంది ఉన్నారు."

"అవును, నిన్న అయిదుగురు చేరారు. కాదనలేకపోయాను."

టీచరు గది వంక చూసింది. పన్నెండు బెంచీలు, బెంచీకి ముగ్గురు. నాలుగో వరుస వేస్తే దూరమవుతుంది. మొదటి వరుసని ముందుకి జరిపి, వంపు ఇంకాస్త గుండ్రంగా చేస్తే ఇంకో రెండు బెంచీలు పట్టవచ్చు. అప్పుడు తను నిలబడే గీత కూడా ఒక జానెడు వెనక్కి పోవాలి. అప్పుడు వెలుగు ఎటు పడుతుందో చూసుకోవాలి.

"పాత బెంచీలున్న స్టోరు గది తాళం చెవి మీ దగ్గరుందా మేడం?" అంటూనే ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మొదటి బెంచీ అంచు పట్టుకుంది.

"ఇప్పుడేనా?"

"సోమవారం ఎంతో దూరం లేదు కదండీ. ఆ చివర కాస్త పట్టుకోండి."