రేపటి గాలికి ఎగిరే పైట

ఆగిరిపల్లి దగ్గర సుబ్బరత్నమ్మగారి మామిడితోటలో పరదేశమ్మ కాయ కోసేది. పొద్దున్నే చిక్కం కట్టిన గడ పట్టుకుని వచ్చేది, పొద్దుగూకేవేళకి ఇల్లు చేరేది. ఆమె పైటచెంగు మాత్రం ఇవాళ్టి గాలికి ఎగిరేది కాదు, రేపు అదే వేళకి వీచబోయే గాలికి ఎగిరేది. హోరుగాలిలో ఆమె చెంగు కదలకుండా ఉంటే, "రేపు ఉక్కపోతే" అనుకుని కూలీలు పనిలో పడేవాళ్ళు.

చిక్కల్లా ఎంత గాలన్నదే. పంతొమ్మిది వందల అరవైలో ఆమె "పెద్దగాలమ్మా" అంటే సుబ్బరత్నమ్మగారు టెంక ముదరని కాయంతా కోయించేశారు. తీరా వచ్చింది ఆకులాడించే గాలి. కాయ ముగ్గకుండానే వడిలిపోయింది. ఆ సిగ్గుతో పరదేశమ్మ చెంగు బొడ్లో దోపుకునే తిరిగేది.

అరవై మూడులో గాలి కొలిచే ఉద్యోగి సువర్ణరాజు వచ్చి, తోట గట్టున స్తంభం పాతి మూడు గిన్నెలు బిగించాడు. గిన్నెలు తిరిగితే కింద మీటరు అంకెలు జరుగుతాయి. పొద్దున ఎనిమిదిన్నరకీ, సాయంత్రం అయిదున్నరకీ మూడు నిమిషాల్లో మీటరెంత జరిగిందో చూసి, ఇరవైతో హెచ్చవేసి, గంటకిన్ని కిలోమీటర్లని రాసుకునేవాడు.

"చెంగు వదలండమ్మా, కొలుస్తాను," అన్నాడోరోజు, కూలీలు చెప్పింది విని.

"నా మాట విని ఓసారి నష్టపోయారండీ."

"మాటొద్దు. ఎత్తు చాలు."

మూడు నెలలు కొలిచాడు. చెంగు మోకాలి దగ్గర ఆడితే మర్నాడు పది. నడుం దాకా లేస్తే ఇరవై. భుజం దాకా అయితే ముప్ఫై అయిదు. ఒక్కసారీ తప్పలేదు.

మే నెలలో ఓ సాయంత్రం అయిదున్నరకి చెట్టు మీద ఆకు కదల్లేదు. పరదేశమ్మ చెంగు తల దాటి లేచి పటపటా కొట్టుకుంది.

సుబ్బరత్నమ్మగారు పరుగున వచ్చారు. కాయ పక్వానికి ఇంకా వారముంది.

"మీ మిషనేమంటోందండీ?"

"గాలి లేదంటోందండి."

"నువ్వేమంటావే, పరదేశీ?"

పరదేశమ్మ చెంగు లాగి బొడ్లో దోపుకోబోయింది. సువర్ణరాజే పుస్తకం తెరిచాడు. "అరవై దాటుతుందండి. తప్పితే నన్నడగండి, ఆవిణ్ణి కాదు."

సుబ్బరత్నమ్మగారు ఓ కాయ అందుకుని నొక్కి చూశారు. "తెల్లారేసరికి మనుషుల్ని పిలుచుకురా," అన్నారు పరదేశమ్మతో. పక్క తోటలకీ కబురు పెట్టారు. కొందరు నవ్వారు.

మర్నాడు అయిదింటికి చివరి బుట్ట కొట్టంలోకి చేరింది. అయిదున్నరకి గిన్నెలు కంటికి ఆనకుండా తిరిగాయి. అరవై నాలుగు. నవ్వినవాళ్ళ తోటల్లో కాయంతా నేలపాలైంది.

ఆ వానాకాలమంతా సువర్ణరాజు ఆమెకి అంకెలూ, అక్షరాలూ నేర్పాడు. "నలభై ఏళ్ళకి చదువేంటండీ?" అని నవ్వుతూనే ఆమె ఇసకలో దిద్దింది. అతనికి బదిలీ అయినప్పుడు, మీటరు చూసే పని ఆమెకిమ్మని పైవాళ్ళకి రాశాడు. వాళ్ళు వచ్చి, ఆమె చేత వారంపాటు కొలిపించి చూసి, సరేనన్నారు.

నియామకం కాగితంతోపాటు ప్యూను వేలిముద్ర కోసం సిరా డబ్బా తెచ్చాడు. పరదేశమ్మ డబ్బా పక్కకి జరిపి, అతని జేబులో కలం అడిగి తీసుకుంది.