పన్నెండో పేజీలో గాడిద

నీళ్లు మరగకముందే స్టవ్ ఆపి, కాపడం పెట్టే రబ్బరు సంచికి గరాటు పెట్టి నింపాడు. మూడొంతులే. నిండా పోస్తే బరువెక్కి జారిపోతుంది. మూత బిగించి, తలకిందులు చేసి చూసి, పాత తువ్వాలు చుట్టి మంచం దగ్గరికి తెచ్చాడు. అక్క పక్కకి తిరిగి, కుడి మోకాలు పొట్టలోకి ముడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుంది. సంచిని మోకాలి కింద దూర్చాడు.

"కాలుతోందా?"

"కాలనీ. నీకు ఆలస్యమవుతుంది, వెళ్లు."

ఉన్నది ఒక్క గది. మంచానికి కాళ్ల వైపు కిటికీ, కిటికీకి వీపు పెట్టి అతను కూర్చునే బల్ల. బల్ల మీద వాలుగా నిలబెట్టిన చెక్క పలక వీపు అక్క వైపు ఉంటుంది కాబట్టి అతను ఏం గీస్తున్నాడో ఆమెకు కనిపించదు. ఇక ఆస్పత్రికి తీసుకురానక్కర్లేదని కిందటి వారం డాక్టరు చెప్పాడు. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

ముప్పై ఒక్క ఏళ్లుగా అతను పాఠ్యపుస్తకాలకు బొమ్మలు గీస్తున్నాడు. చిక్కుడు గింజ నిలువుకోత, గుండె నాలుగు గదులు, కప్ప జీర్ణవ్యవస్థ. ఏ పుస్తకంలోనూ అతని పేరు లేదు. ఆఫీసులో అందరూ కప్పగారూ అని పిలుస్తారు, అతను పలుకుతాడు. ఈ ఏడే మొదటిసారి చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చారు. కథ కూడా అతన్నే రాసుకోమన్నారు. వీపు మీది మూట దింపేసి హాయిగా పడుకున్న గాడిద కథ రాశాడు. పేజీకి ఒక్క వాక్యం, పన్నెండు పేజీలు.

తీరా గీయబోతే హాయిగా పడుకోవడం ఎలా ఉంటుందో అతనికి తెలియలేదు. గాడిద ఎముకలు తెలుసు, కండరాలు తెలుసు. అమ్మ పోయినప్పుడు అతనికి ఏడేళ్లు, అక్కకు పదిహేను. అప్పుడే అక్క ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట చేరి, నలభై నాలుగేళ్లు చేసింది. గాడిద చాకిరీ అని తనే నవ్వేది. పగటిపూట ఆమె నడుం వాల్చడం ఈ జబ్బు వచ్చేదాకా అతను చూడనే లేదు. అందుకే ఈ నాలుగు నెలలూ చూసి గీశాడు. ముడుచుకున్న మోకాలు, చెంప కింద చెయ్యి, మూసిన కళ్లు. పదకొండు పేజీల్లోనూ ఆమే. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది.

ఆఫీసులో ఎడిటరమ్మ పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. అతని కంటే పాతికేళ్లు చిన్నది.

"చెవులు భలే వచ్చాయండీ కప్పగారూ. ఇంతకీ ఇది చివరికి లేస్తుంది కదా?"

"లేవదండి."

"లేవకపోతే ఎలా? పన్నెండు పేజీలూ పడుకునే ఉంటే పిల్లల తల్లిదండ్రులు మన మీద పడతారు. ఆఖరి పేజీలో లేచి మూట ఎత్తుకోవాలి. నవ్వుతూ ఎత్తుకోవాలి."

"గాడిద నవ్వితే పళ్లన్నీ కనిపిస్తాయండి. పిల్లలు జడుసుకుంటారు."

ఆమె నవ్వింది. "అది మీరు చూసుకోండి. సోమవారానికి కావాలి."

"అలాగే."

గుండె బొమ్మలో ఎరుపు ఎక్కువైందన్నా, కప్ప కాలు పొట్టిగా ఉందన్నా, ఇన్నేళ్లూ అతను అన్న మాట అదే.

మధ్యాహ్నం ఇంటికొచ్చి సంచిలో నీళ్లు మార్చాడు. అక్క మెలకువగానే ఉంది.

"ఆ కాగితాలేంటో చూపించు. కప్ప కాదని తెలుసులే. కప్పకి నీకు ఇన్నాళ్లు పట్టదు."

ఒక్కో పేజీ ఆమె ముఖం ముందు పట్టుకున్నాడు. నాలుగో పేజీ దగ్గర ఆగమని వేలెత్తింది.

"ఈ గాడిద నేనే కదరా."

అతను తల దించుకున్నాడు.

"చెవులే కాస్త పెద్దవి పెట్టావు."

"అక్కా, నేను..."

"నోర్మూసుకో. చూడనీ."

పదకొండోది అయ్యాక అడిగింది. "ఇదేం చేస్తోంది?"

"హాయిగా పడుకుంది."

ఆమె పేజీలోని మోకాలిని వేలితో తాకింది. తర్వాత నెమ్మదిగా అంది. "మోకాలు అలా ముడుచుకునేది నొప్పికి రా. చెంప కింద చెయ్యి మూలుగు బయటికి రాకుండా అదిమిపెట్టుకోవడానికి. హాయిగా ఉన్నవాళ్లు ఎవరైనా అలా పడుకుంటారా?"

అతను పేజీలు మళ్లీ చూశాడు. ఇప్పుడు కనిపించింది. కప్ప పొట్టలో పేగు ఎన్ని మెలికలు తిరుగుతుందో తప్పు లేకుండా గీసినవాడు, నాలుగడుగుల దూరంలో ఉన్న నొప్పిని సుఖమనుకుని పదకొండుసార్లు గీశాడు.

"చింపేస్తాను."

"చింపకు. చూసేవాళ్లకేం తెలుస్తుంది? నీకే తెలియలేదు. ఆఖరిదైనా సరిగ్గా గీయి."

"ఆఖరి పేజీలో లేపమన్నారు. మూట ఎత్తుకోవాలట."

"ఎవరన్నారు?"

"ఎడిటరమ్మ."

"ఆవిణ్ణి ఎత్తుకోమను."

అతనికి నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక మోకాలి కింద చూపించింది.

"ఈ సంచి తీసెయ్. పలక ముందు కూర్చో. ఎలా పడుకోవాలో చూపిస్తాను."

సంచి తీసి బల్ల మీద, పదకొండు పేజీల దొంతర పైన పెట్టాడు. ఆమె పళ్లు బిగించి వెల్లకిలా తిరిగింది. మోకాలు చాచడానికి చాలాసేపు పట్టింది. తర్వాత రెండు చేతులూ పక్కలకు జారవిడిచింది, అరచేతులు పైకి.

"చేతులు వదిలెయ్యాలి. పొట్ట కూడా వదిలెయ్యాలి. ఇక ఎవరూ పిలవరని తెలిస్తే ఎలా ఉంటుందో, అలా."

"నువ్వెప్పుడు పడుకున్నావు అలా?"

"పడుకోలేదులే. దుప్పట్లు ఆరేస్తూ అనుకునేదాన్ని."

"కదలకు మరి."

"కదలను."

ముందు వెన్ను గీత గీశాడు. తర్వాత పొట్ట, వదులుగా పడి ఉన్న ముందు కాళ్లు, నేలకు వాలిన చెవి. కిటికీ ఎండ మంచం కోడు మీద నుంచి గోడ మీదికి పాకింది. నొప్పిగా ఉందా అని ఒకసారి అడిగాడు. ఆమె పలకలేదు. మాటిస్తే తప్పే మనిషి కాదు కదా అనుకున్నాడు. మోకాలు మళ్లీ ముడుచుకోలేదు. నోటి అంచు దగ్గర నొక్కుకుపోయి ఉండే గీత కూడా మాయమైంది. అలాగే గీశాడు.

పొట్ట దగ్గర నీడ వేయడానికి ఆమె రొమ్ము మీది దుప్పటి మడత చూశాడు. ఇందాక చూసినప్పుడు ఎలా ఉందో, మడత అలాగే ఉంది. ఇంకాసేపు చూశాడు. మడత పైకి లేవలేదు.

అక్కా అనబోయి, పిలవలేదు.

మళ్లీ పెన్సిలు తీసుకుని మిగిలిన ఒక్క గిట్ట పూర్తి చేశాడు. మూట గీయలేదు. కింద మూలన పన్నెండు అని అంకె వేశాడు. బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోతే వేళ్లకు రబ్బరు సంచి తగిలింది. తువ్వాలు జారిపోయి ఉంది. సంచి ఇంకా వెచ్చగానే ఉంది.