గంటకు పది రూపాయల లేత్

నలభై కిలోల పోత ఇనుము పంపు బాడీ మిర్చి బజ్జీల పొట్లం ధరకు తయారవుతుందని కంప్యూటర్ తేల్చి చెప్పింది.

సోమవారం పొద్దున్నే స్పీకర్ ఫోన్‌లో చక్రపాణి నవ్వుతున్నాడు. బాలానగర్‌లో పంపులు చేసే పెద్ద కంపెనీకి ఆయన పర్చేజ్ మేనేజర్. నవ్వు ఆపాక, సాయంత్రం పోతలు పోసే ఫౌండ్రీ యజమానులతో బేరానికి కూర్చుంటున్నానని, ఈ ధర చెబితే వాళ్లు టీ తాగకుండానే లేచిపోతారని అన్నాడు. ఐదింటిలోగా సరైన అంచనా రాకపోతే కాంట్రాక్టు రద్దు చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఎండీ హనుమత్ప్రసాద్ ఎదురుగా నిలబడ్డ ముగ్గురినీ చూశాడు. పంజాగుట్ట చౌరస్తాలో చీరల షాపు పైన మూడో అంతస్తు ఆయన సామ్రాజ్యం. కింద షాపులో చీరలు మడతపెట్టేవాళ్ల కన్నా పైన ఇంజనీర్లు తక్కువ. అయినా బోర్డు మీద కంపెనీ పేరుకు ముందు ‘గ్లోబల్’ అని ఉంది. అది రెండువేల ఆరు. హైదరాబాద్‌లో ఆ మాట పెట్టుకోని కిళ్లీ కొట్టు కూడా లేని రోజులు.

ఆయన కంపెనీ చేసే పని ఒక్కటే. ఏ విడిభాగం తయారీకి ఎంత ఖర్చవుతుందో ఒక సాఫ్ట్‌వేర్‌తో లెక్కకట్టి చెప్పడం. డ్రాయింగ్ పెడితే ఏ మిషన్ మీద ఎంతసేపు పని ఉందో అది చూసి ధర చెబుతుంది. అయితే మిషన్ల గంట రేట్లు, లోహాల ధరలు, కూలి, ఇతర ఖర్చులు ముందుగా మనుషులే దానికి చెప్పి ఉంచాలి. ఆ సెట్టింగులే ప్రాణం. అవి చక్రపాణి కంపెనీ నమ్మి ఇచ్చిన రహస్యాలు. అవి లేకపోతే ఆ ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కూ చింతపండు తూచే తక్కెడకూ తేడా లేదు.

ఇప్పుడు అందులో ప్రతి మిషన్ రేటూ గంటకు పది. ఇనుము టన్ను పది. మనిషి కూలి కూడా పది.

“బ్యాకప్ ఎవరి పని?” అన్నాడు ఎండీ.

“శ్రీలేఖ పని సార్,” అన్నాడు ఫణీంద్ర, ప్రశ్న పూర్తికాకముందే. ఆయన డెలివరీ మేనేజర్. ఏం డెలివరీ చేస్తాడో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎండీ గారు తుమ్మితే ఏసీ తగ్గించడం మాత్రం అందరూ చూశారు.

శ్రీలేఖ రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లేముందు సెట్టింగులన్నీ ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. శనివారం కూడా చేసింది. అదే ఆమె కొంప ముంచింది. రోజుకో ఫైలు, తేదీ వేసి దాచుకుందామని ఆమె ఎన్నోసార్లు అడిగింది. ఇన్ని ఫైళ్లుంటే ఏది అసలైనదో ఎలా తెలుస్తుందని ఫణీంద్ర కొట్టిపారేశాడు. బ్యాకప్ అంటే ఒకటే ఉండాలి, ఒకటే పేరుండాలి, నిన్నటి దాని మీదే ఇవాళ్టిది పడాలి. దీన్ని ఆయన క్రమశిక్షణ అనేవాడు. శనివారం మధ్యాహ్నం ఎవరో రేట్లన్నీ మార్చేశారు. సాయంత్రం శ్రీలేఖ ఆ చెత్తను బుద్ధిగా ఎక్స్‌పోర్ట్ చేసి, భూమ్మీద మిగిలిన ఒకే ఒక మంచి కాపీని తన చేత్తోనే తుడిచేసింది.

సిస్టమ్స్ చూసే జగదీశ్ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. మార్పు అడ్మిన్ లాగిన్‌తో, ఆఫీసు బయటి నుంచి జరిగింది. ఎవరో ఒక ఫైలును లోపలికి ఎక్కించారు. పాతవాటికి కలపాలా, లేక పాతవన్నీ తీసేయాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. తీసేయమన్నారు.

“అడ్మిన్ లాగిన్ నీది కదమ్మా,” అన్నాడు ఎండీ.

“పాస్‌వర్డ్ ఆఫీసుల అందరికి ఎర్కే సార్,” అన్నాడు జగదీశ్. “కంపెనీ పేరు రాసి పక్కన వన్ టూ త్రీ. కింద చీరల షాపోళ్లకు సుత ఎర్కుంటది.”

అది వినాలని ఎండీకి లేదు. ఐదింటిలోగా పాత రేట్లు తెస్తే సరే, లేకపోతే ఉద్యోగం పోతుందని చెప్పాడు. పోవడమంటే ఊరికే పోవడం కాదు. రిలీవింగ్ లెటర్ మీద ‘క్లయింటు డేటా నాశనం చేసినందుకు తొలగించాం’ అని రాసిస్తాడు. ఆ ఒక్క వాక్యం ఉంటే శ్రీలేఖను ఈ ఊళ్లో ఇంకెక్కడా కంప్యూటర్ ముందు కూర్చోనివ్వరు. ఎవరు ఉద్యోగమిచ్చినా ముందు అడిగేది ఆ కాగితమే. డిగ్రీ దొంగదైనా సర్దుకుపోతారు గానీ, ఆ కాగితం లేకపోతే గేటు దాటనివ్వరు.

ఫణీంద్ర జాలిగా తలూపాడు. ఆ జాలికి ఒక చెంపదెబ్బ బాకీ ఉందని శ్రీలేఖ అనుకుంది. ఇప్పుడు తీరిక లేదు.

ఆమె తన సీటుకు వెళ్లి పాడైన సెట్టింగులనే మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. రేట్లన్నీ పదే కాబట్టి అందరూ అక్కడే ఆగిపోయారు. మిషన్ల పేర్లు ఎవరూ చూడలేదు. జగదీశ్ ఆమె భుజం మీదుగా చూసి పకపకా నవ్వాడు.

“గిదేంది? ‘వెన్నెల లేత్’ అట. ‘ఓదెలు డ్రిల్లింగ్’ అట. మిషన్లకు మనుషుల పేర్లు పెట్టిన్రు.”

శ్రీలేఖ నవ్వలేదు. అమీర్‌పేటలో చదువుకున్నవాళ్లెవరికైనా అదేమిటో తెలుసు. ఏ కోర్సైనా మొదటి క్లాసులో సారు చెప్పేది ఒకటే. మీ పేరుతో ఒకటి సృష్టించండి, విలువ పది ఇవ్వండి, లెక్క తేలిగ్గా వస్తుంది. ఆమె కూడా ఒకప్పుడు తన పేరుతో ఒక గ్రైండింగ్ మిషన్ తయారుచేసి, దానికి గంటకు పది రూపాయలిచ్చి మురిసిపోయింది. పది అనేది దొంగ వేసిన అంకె కాదు. ఇది క్లాసులో పిల్లలు చేసుకునే ప్రాక్టీసు ఫైలు.

“జగదీశ్, బండి తియ్యి.”

అమీర్‌పేటలో జావా నేర్పే చోట్లు వీధికి ఇరవై ఉంటాయి. ఈ సాఫ్ట్‌వేర్ నేర్పేవాళ్లు ఎందరని పాంప్లెట్లు పంచేవాళ్లనే అడిగారు. ఒక్కరే ఉన్నారు. మైత్రీవనం వెనక సందులో, మెస్ పైన రెండో అంతస్తు. గుమ్మం మీద ‘రియల్ టైమ్ డేటాతో శిక్షణ’ అని పెద్ద బ్యానర్. అమీర్‌పేటలో రియల్ టైమ్ అనే మాటకు అర్థం లేదు, ఫీజు మాత్రం ఉంది.

ఇన్‌స్టిట్యూట్ యజమాని కామరాజు వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు. చేరడానికి వచ్చారనుకున్నాడు. శ్రీలేఖ కాదనలేదు. మిగతా చోట్ల బొమ్మ లెక్కలు నేర్పుతారని, తన దగ్గర నిజమైన కంపెనీ నిజమైన రేట్లు ఉన్నాయని, చేరిన ప్రతివాళ్లకూ సీడీ ఇస్తానని ఆయన చెప్పాడు. అది ఎవరి కంపెనీ అని అడిగితే చిరునవ్వు నవ్వి, బంధుత్వాలు ఉండబట్టే అలాంటివి దొరుకుతాయన్నాడు. దొంగసొత్తు గురించి ఇంత గర్వంగా చెప్పేవాణ్ణి జగదీశ్ జన్మలో చూడలేదు.

అంతలో ఎవరో పిలిస్తే కామరాజు బయటికి వెళ్లాడు. లోపల ల్యాబ్‌లో ఒకమ్మాయి ఒక్కతే ప్రాక్టీసు చేసుకుంటోంది. శ్రీలేఖ వెళ్లి పేరడిగింది.

“వెన్నెల. మాది సిరిసిల్ల అక్కా.”

శ్రీలేఖ ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. లేత్ మిషన్ నీదేనా అని అడిగింది. వెన్నెల ముఖం వెలిగిపోయింది. శనివారం కొత్త బ్యాచ్ ప్రారంభమైందని, కామరాజు సారు బావగారే చీఫ్ గెస్టుగా వచ్చాడని, పిల్లలు చేసిన మిషన్లను చూసి ఆయన ఎంతో మెచ్చుకున్నాడని చెప్పింది.

“మీ మిషన్లు ఇయ్యాల్టి సంది నిజం కంపెనీల ఉంటయ్ అన్నడు సారు. ఇక్కడి నుంచే ఆఫీసు సిస్టంల లాగిన్ అయ్యి, మా ఫైలు ఎక్కించిండు. అందరం చప్పట్లు కొట్టినం.”

“ఎక్కించేటప్పుడు ఏదో అడిగి ఉంటుంది కదా?”

“ఆఁ, పాతయి తీసెయ్యాల్నా అని అడిగింది. సారు చదవలే. ఎస్ కొట్టిండు. గోడ మీద ఫోటో ఉంది చూడున్రి.”

వాళ్లు చూశారు. శాలువా కప్పుకుని, మెడలో దండతో, కీబోర్డు మీద వేలు పెట్టి ఒక మనిషి కెమెరా వంక చూస్తున్నాడు. జగదీశ్ నోరు తెరిచాడు. శ్రీలేఖ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ పేరు పైకి అనకముందే నొక్కింది. కామరాజు మెట్లెక్కి వస్తున్నాడు.

వెన్నెల తన సీడీ ఇచ్చింది. కాపీ చేసుకుని ఇచ్చేయమంది.

కిందికి వచ్చి జగదీశ్ బండి స్టార్ట్ చేశాడు. పేరు బయటపెట్టొద్దని, రేట్లు సరిచేసి మంచి లెటర్ తీసుకుని వెళ్లిపోవడమే తెలివని అన్నాడు. శ్రీలేఖ కూడా అదే అనుకుంది. ఆమెకు కావలసింది న్యాయం కాదు, కాగితం.

ఆఫీసుకు వచ్చి ఆమె ముందుగా పాడైన సెట్టింగులనే తేదీ వేసి విడిగా ఎక్స్‌పోర్ట్ చేసింది. ఫణీంద్ర క్రమశిక్షణ మీద అది ఆమె మొదటి తిరుగుబాటు. తరవాత సీడీలోని ఫైలును ఎక్కించింది. తెర మీద ప్రశ్న వచ్చింది. దాన్ని పూర్తిగా చదివి, అప్పుడు నొక్కింది. మిషన్లు తమ పాత పేర్లతో, పాత రేట్లతో తిరిగొచ్చాయి. పంపు బాడీ మళ్లీ పంపు బాడీ ధర పలికింది. ఐదుకు కాస్త ముందు అంచనా బాలానగర్‌కు వెళ్లిపోయింది.

ఎండీ గదిలోకి పిలిచి, ఆ ఫైలు ఎక్కడిదని అడిగాడు.

“అది అడక్కండి సార్. పని అయింది. నేను నెలాఖరుకు మానేస్తాను. మంచి లెటర్ ఒకటి ఇవ్వండి, చాలు.”

ఇంతకన్నా చవకగా ఏ యజమానీ బయటపడలేడు. కానీ హనుమత్ప్రసాద్‌కు చవక అంటే గిట్టదు. పక్కనున్న ఫణీంద్ర వంగి, బ్యాకప్ పోయిందని పొద్దున చెప్పిన మనిషి సాయంత్రానికి దాన్ని ఎలా తెచ్చిందో ఆలోచించమన్నాడు. క్లయింటు రేట్లు బయట దాచుకుందంటే, పాడుచేసింది కూడా తనేనని తేల్చాడు. ఎండీ ముఖంలో నెమ్మదిగా వెలుగొచ్చింది. పొద్దుటి నుంచి ఆయన తలలోకి దూరిన మొదటి ఆలోచన అదే. అది కూడా అరువుదే.

ఫోన్ మోగింది. చక్రపాణి. ధర సరిపోయిందని, ఫౌండ్రీ వాళ్లు దిగొచ్చారని చెప్పాడు. గొంతులో మాత్రం నవ్వు లేదు. మధ్యాహ్నం ఫణీంద్ర ఫోన్ చేసి కాపీ కూడా పోయిందన్నాడు, మరి తన రేట్లు సాయంత్రానికి ఎక్కణ్ణుంచి వచ్చాయో, తన రహస్యాలు ఇంకెవరి దగ్గరున్నాయో తెలిస్తేగానీ కాంట్రాక్టు సంగతి మాట్లాడనన్నాడు.

హనుమత్ప్రసాద్ స్పీకర్ నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు. తన కంపెనీలో దొంగలకు చోటు లేదని, రేట్లు మార్చినవాళ్లూ బయటికి చేరవేసినవాళ్లూ ఒక్కరేనని, ఆ మనిషి ఇప్పుడు ఈ గదిలోనే ఉందని ఫోన్‌లో ప్రకటించాడు. ఫణీంద్ర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం దగ్గర జగదీశ్ తల వంచుకున్నాడు.

శ్రీలేఖ ఎండీ వంక చూసింది. ఈ మనిషి అబద్ధం ఆడటం లేదు. శనివారం తను నొక్కిన మీటకూ, సోమవారం పేలిన బాంబుకూ సంబంధం ఉందని ఇతనికి నిజంగానే తెలియదు. ఆ చప్పట్ల హోరులో తెర మీది ఒక్క వాక్యం చదవలేకపోయాడు. మనిషి దుర్మార్గుడైతే భయపడేది, అసహ్యించుకునేది. ఇతన్ని ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

“సార్, వద్దు,” అంది మెల్లగా. “లెటర్ ఇచ్చేయండి. వెళ్లిపోతాను.”

“లెటరా? నీకిచ్చే లెటర్ ఎలా ఉంటుందో ఈ ఊరంతా చదువుతుంది. ముందు పేరు చెప్పు. చక్రపాణి గారికి వినపడేలా, నీ నోటితోనే చెప్పు.”

కాగితం ఇక రాదు. అది ఆమెకు అర్థమైంది. ఫోన్ దగ్గరికి వంగింది.

“చక్రపాణి గారూ, నా పేరు శ్రీలేఖ. మీ రేట్లు నాకు అమీర్‌పేటలో దొరికాయి. కామరాజు అనే ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ప్రతివాళ్లకూ సీడీ ఇస్తున్నారు. ఆయన మా ఎండీ గారికి బావమరిది. శనివారం అక్కడ చీఫ్ గెస్టుగా వెళ్లి, పిల్లల ప్రాక్టీసు ఫైలు మీ రేట్ల మీద ఎక్కించి, పాతవన్నీ తీసేయమని నొక్కిన మనిషి ఫోటో ఆ గోడ మీదే ఉంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు.”

“ఎవరమ్మా ఆ మనిషి?” అన్నాడు చక్రపాణి.

“హనుమత్ప్రసాద్ గారు.”