పట్టు వదిలిన చెయ్యి

రక్తం ఆపడం నేర్పడానికి చెక్కపని షాపుకి నర్సమ్మ వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ హడావుడి చేసింది అన్నయ్యే. షాపు ఆయనది. అక్కడ రంపం కంటే ఎక్కువ కోతలు కోసేది ఓనరుగారి నోరేనని పనివాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. అక్కడే పనిచేసే చెల్లెలు మాత్రం నవ్వేది కాదు. నాన్న పోయాక అన్నం పెట్టి, పని నేర్పినవాడు ఆయన. ఆయన మాటంటే ఆమెకు తిరుగులేదు.

నర్సమ్మ అందర్నీ ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టింది. "గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి, బలమంతా వేసి నొక్కాలి. గుడ్డ తడిస్తే తీయొద్దు, దానిమీదే ఇంకోటి వేసి నొక్కండి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూశారో, మొదటికే మోసం. అంబులెన్సు వచ్చేదాకా వదలకూడదు."

అన్నయ్య చెల్లెలి ముంజేతిని ఎంత గట్టిగా నొక్కాడంటే ఆమె "అబ్బా!" అని అరిచింది.

"ప్రాణం పోయినా వదలనే బుజ్జీ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు కడుపు నిండిపోయింది.

ఆ షాపులో ఒక పాడు అలవాటు ఉంది. పెద్ద రంపం మీద చేతులు తెగకుండా కాపాడే ఇనప మూత ఎప్పుడూ గోడకే వేలాడుతుండేది. అది ఉంటే పని సాగదని అన్నయ్యే ఊడదీశాడు. తనిఖీ వాళ్ళు వస్తున్నారంటే మాత్రం బిగించేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ఆ రంపం మీద కోస్తున్న చెక్క పలక ఎదురు తన్నింది. చెల్లెలి ఎడమ ముంజేతి మీద రంపం దిగింది. రక్తం చిమ్మింది. పాలిష్ మేస్త్రీ అంబులెన్సుకి ఫోన్ చేస్తూ వీధిలోకి పరిగెత్తాడు. అన్నయ్య ఒక్క అంగలో వచ్చి, ఉతికిన తువ్వాలు పెట్టి, నేర్చుకున్నట్టే నొక్కాడు. రక్తం నెమ్మదించింది. అంత నొప్పిలోనూ ఆమెకు ధైర్యం వచ్చింది. అన్నయ్య ఉన్నాడు కదా అనుకుంది.

వీధి చివర సైరన్ వినిపించింది. అన్నయ్య గోడవైపు చూశాడు.

"ఒక్క నిమిషమే. ఆ మూత బిగించి వచ్చేస్తా. ఇలా చూశారంటే షాపు మూయించేస్తారే!"

"వదలొద్దు అన్నయ్యా!"

వదిలేశాడు.

తువ్వాలు జారి, నెత్తురు మళ్ళీ ఉబికింది. ఆమె కుడిచేత్తో తువ్వాలును గాయం మీద పొదివి, ఆ కుడిచేతి మీద మోకాలు వేసి నేలకేసి అదిమింది. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. వెనకాల బోల్టులు బిగిస్తున్న చప్పుడు. ఒక్కటి కూడా కింద పడలేదు, అంత నిలకడగా ఉన్నాయి ఆయన చేతులు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. తెగిన చెయ్యి కంటే ఆ చప్పుడే ఎక్కువ బాధపెట్టింది.

అంబులెన్సు మనిషి, వెనకాలే మేస్త్రీ లోపలికొచ్చారు. వచ్చినాయన గాయానికి పైన పట్టీ బిగించి కట్టాడు. "ఇంతసేపూ ఎవరు నొక్కి పట్టారు?"

"నేనేనండీ," అన్నాడు అన్నయ్య, రొప్పుతూ. "ఒక్క క్షణం వదిలితే ఒట్టు."

"అయితే మీరే బండెక్కండి. ఆసుపత్రి దాకా ఇలాగే పట్టుకోవాలి."

అన్నయ్య చెయ్యి చాచాడు. చెల్లెలు తన చేతిని గుండెలకు లాక్కుంది.

"ఓనరుగారు వద్దండీ," అంది. "మేస్త్రీ, మీరు రండి."